ఇనప్పెట్టె ఇంట్లోనే – తాళంచెవి ఎక్కడ?

వార్షిక సావనీర్‌కి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు హాస్టల్ మిత్రులు తలా ఒక సలహా ఇచ్చారు. ప్రేమ మీద కవిత రాయమన్నాడొకడు. మెస్సు సాంబారు మీద పరిశోధన రాయమన్నాడు ఇంకొకడు. నేను రాయదలచుకొన్నది డబ్బు గురించి. సంపాదించడం గురించి కాదు, దాచుకోవడం గురించి.

రాత్రి పది దాటాక మా హాస్టల్ వరండాలో నిలబడితే బిట్‌కాయిన్ ధర చెప్పేవాళ్ళు పదిమంది దొరుకుతారు. నిన్న ఎంత, ఇవాళ ఎంత, వచ్చే సంక్రాంతికి ఎంత – అంతా నోటిలెక్కే. "సరే, కొన్నది ఎక్కడ దాచావురా?" అని అడిగి చూడండి. "ఇంటిదగ్గర కంప్యూటర్లో వుందిగా!" అంటాడు. ఈ "వుందిగా" అన్న మాట మీదే నా తగాదా అంతా.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. తాళంచెవి దాచడం రానివాడు ఈ వ్యవహారంలో ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు. దాచడం వచ్చినవాడు కూడా ఇంట్లో ఒక్క మనిషికైనా తెలియకుండా పెట్టకూడదు. ఇది ఎక్కడో చదివి అంటున్న మాట కాదు. మా ఇంట్లో, నా చేతులమీదుగా జరిగిన పొరపాటు అనిపిస్తున్న మాట.

ముందు అసలు విషయం చూద్దాం. మాది పల్నాడులో మిరప వేసే కుటుంబం. కళ్ళంలో కాయ ఎండాక ధర లేకపోతే టిక్కీలు తొక్కించి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి తోలతాం. వాళ్ళు బాండు కాగితం ఇస్తారు. కాయలు అక్కడ, కాగితం మా ఇంట్లో ట్రంకుపెట్టెలో. ట్రంకుపెట్టె తెరిస్తే మిరపకాయ ఒక్కటి కనిపించదు. కానీ అందులోని కాగితం లేకపోతే అక్కడి కాయకి మేం హక్కుదారులమని చెప్పుకోవడం కష్టం.

బిట్‌కాయిన్ సంగతీ ఇంచుమించు ఇంతే. నాణేలు మన కంప్యూటర్లో వుండవు. ఏ అడ్రసుకి ఎంత జమ, ఎంత ఖర్చు అన్న పద్దుపుస్తకం ఒకటి ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకేలా వుంటుంది. 2009 జనవరి 3న దాని మొదటి పుట రాశారు. అది ఎవరైనా చదువుకోవచ్చు. మన దగ్గర వుండేదల్లా ఒక రహస్య సంఖ్య. ఆ సంఖ్యతో సంతకం పెడితేనే మన పద్దులో సొమ్ము కదులుతుంది. వాలెట్ అంటే పర్సు అని అర్థమే గాని, నిజానికి అది పర్సు కాదు, తాళంచెవుల గుత్తి.

ఒక పెద్ద తేడా మాత్రం వుంది. బాండు పోతే కోల్డ్ స్టోరేజీ మేనేజరు దగ్గరకి వెళ్ళొచ్చు. నలుగురు పెద్దమనుషుల చేత చెప్పించి, పూచీకత్తు రాసిచ్చి నకలు తెచ్చుకోవచ్చు. బిట్‌కాయిన్‌కి మేనేజరు లేడు. మధ్యలో మనిషి అక్కర్లేకుండా చేయాలన్నదే 2008లో సతోషి నకమోతో అన్న పేరుతో వెలువడిన పత్రం ఉద్దేశం. ఇదంతా ఒకసారి మా నాన్నకి వివరించాను. ఆయన చుట్ట ఆర్పి, "బాండు పోతే మేనేజరు కాళ్ళు పట్టుకోవచ్చు. మీ దానికి కాళ్ళెక్కడున్నాయిరా?" అన్నాడు. ఈ విషయాన్ని ఇంతకంటే బాగా నిర్వచించిన ప్రొఫెసరు నాకింతవరకూ తగల్లేదు.

ఇక మా ఇంటి కథ. 2021 మొదట్లో మా అన్నయ్య మిరప డబ్బులో తన వాటాగా వచ్చిన నలభైవేలు పెట్టి బిట్‌కాయిన్‌లో కొంత భాగం కొన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొన్నచోటే వుంచితే నమ్మకం లేదని, నా ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న పాత కంప్యూటర్లో వాలెట్ పెట్టుకొని అందులోకి మార్చుకొన్నాడు. అది తెరిచినప్పుడు తెరమీద పన్నెండు ఇంగ్లీషు మాటలు కనిపించాయట. రాసిపెట్టుకోమంటే ఎరువులకొట్టు రసీదు వెనక రాసి, పొలం కాగితాలతోపాటు ట్రంకుపెట్టెలో పడేశాడు.

ఆ మే నెలలోనే అన్నయ్యకి కరోనా వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో వున్నాడు. ఆ తొమ్మిది రోజులూ మేం వేరే లెక్కలు చూసుకొన్నాం, ఆ లెక్క వేరు. కానీ ఇప్పుడు తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తుంది. వాడికి జరగరానిది జరిగివుంటే, అలాంటి సొమ్ము ఒకటుందని మాకు తెలిసేదే కాదు. ఆ రసీదుని మా అమ్మ పొయ్యి రాజేయడానికి వాడేసేది.

అన్నయ్య దక్కాడు. డబ్బుని తగలేసినవాణ్ణి నేను. 2023 వేసవిలో, ఇంటరు పరీక్షలయ్యాక, కంప్యూటర్ నత్తలా నడుస్తోందని హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేశాను. ఫార్మాట్ చేసినంత మాత్రాన డిస్కులో అక్షరాలన్నీ వెంటనే చెరిగిపోవు. కాని నేను దానిమీద సినిమాలు, ఎంట్రన్సు పాఠాలు దండిగా నింపేశాను. నెల తర్వాత అన్నయ్య వచ్చి చూసుకొని తెల్లబోయాడు. ఇద్దరం ట్రంకుపెట్టె తెరిచాం. రసీదు వుంది. కానీ చెద పట్టింది. కొన్ని మాటల తోకలు తినేసింది. పన్నెండో మాట వుండవలసిన చోట కాగితమే లేదు.

అన్నయ్య నన్ను ఒక్కమాట అనలేదు. ఏడాదిన్నర పాటు అనలేదు. తిట్టినా బాగుండేది.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఈ మాటల వెనక వున్న లెక్క నేర్చుకొన్నాను. ఆ మాటలు ఇష్టం వచ్చినవి కావు. 2013లో ప్రతిపాదించిన ఒక పద్ధతి ప్రకారం 2,048 మాటల పట్టిక వుంది. ఆ పట్టికలో ఏ రెండు మాటలకీ మొదటి నాలుగక్షరాలు కలవవు. కనుక తోకలు తెగిన మాటలు నిమిషంలో దొరికిపోయాయి. 2,048 అంటే రెండుకి పదకొండో ఘాతం. అంటే ఒక్కో మాట 11 బిట్లు మోస్తుంది. పన్నెండు మాటలకి 132 బిట్లు. అందులో 128 అసలు రహస్యం, మిగిలిన 4 బిట్లు రాతలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి. పన్నెండో మాటకి 2,048 అవకాశాలున్నా, ఆ నాలుగు బిట్ల పరీక్షకి నిలిచేవి పదహారింట ఒకటి. అంటే 128 మాత్రమే!

మా కంప్యూటర్ లెక్చరరు గారి దగ్గరికి కాగితం పట్టుకుపోయాను. ఆయన చటుక్కున మొహం పక్కకి తిప్పుకొన్నారు. "నాకు లెక్క చెప్పవయ్యా, మాటలు చూపించకు. నన్నే కాదు, ఎవర్నీ నమ్మకు" అన్నారు. నెట్టు తీసేసిన కంప్యూటర్లో ఎలా చేయాలో నోటితోనే చెప్పారు. డబ్బు పంపిన అడ్రసు అన్నయ్య పాత మెయిల్లో వుంది. 128 మాటల్నీ ఒక్కొక్కటే పెట్టి, పుట్టిన అడ్రసుని దానితో పోల్చాను. డెబ్బైమూడోది సరిపోయింది. ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేస్తే అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

ఆ సొమ్ము ఇప్పుడు ఎంతయిందో రాయను. రాయకపోవడమే మొదటి జాగ్రత్త. దొరికిన వెంటనే కొత్త మాటలతో కొత్త వాలెట్ తెరిచి అందులోకి మార్చేశాం. ఇన్నిచోట్ల తిరిగిన పాత మాటల్ని నమ్మకూడదు గదా.

ఇది నా తెలివి గొప్పదనం అని ఎవరూ అనుకోకండి. చెద మామీద దయ తలచిందంతే. ఆ దయ విలువ ఎంతో లెక్క కట్టాను. నాలుగు మాటలు పోయివుంటే, తప్పు పట్టే పరీక్ష దాటాక కూడా మిగిలే అవకాశాలు ఒక లక్షా తొమ్మిదివేల కోట్లకు పైన. సెకనుకి వెయ్యి చొప్పున పరీక్షించే కంప్యూటరుకి 34 ఏళ్ళు పైగా పడుతుంది. ఐదు మాటలు పోతే 71 వేల ఏళ్ళు. నాలుగో మాటతో నా యౌవనం ఖర్చవుతుంది, ఐదో మాటకి నా వంశమే చాలదు.

అయితే ఇదే లెక్కని దొంగ వైపునుంచి కూడా చూడాలి. పదకొండు మాటలు చూసిన దొంగకి పన్నెండోది ఒక పూట పని. కొందరు పన్నెండు మాటల్నీ మూడు కాగితాల మీద ఎనిమిదేసి చొప్పున రాస్తారు. ఏ రెండు కాగితాలు దొరికినా మొత్తం దొరికేట్టు ఏర్పాటు. వినడానికి బ్రహ్మాండంగా వుంటుంది. కానీ ఒక్క కాగితం దొరికిన దొంగకి లేనివి నాలుగు మాటలే. నాకు 34 ఏళ్ళు పట్టే పని అలాంటి వెయ్యి కంప్యూటర్లున్నవాడికి రెండువారాల లోపే అయిపోతుంది.

మిత్రులారా, చిక్కంతా ఇక్కడే వుంది. ఈ తాళంచెవికి శత్రువులు ఇద్దరు. ఒకటి పోవడం, రెండు దొంగతనం. పోకుండా వుండాలంటే నకళ్ళు ఎక్కువ వుండాలి. దొంగ చేతిలో పడకుండా వుండాలంటే తక్కువ వుండాలి. ఒక పక్క చూసుకొంటే రెండో పక్క ఖాళీ అవుతుంది.

ఈ దెబ్బ తగిలినవాళ్ళు మామూలువాళ్ళు కారు. వేల్స్ దేశంలో న్యూపోర్ట్ వాసి జేమ్స్ హొవెల్స్ హార్డ్ డిస్క్ 2013లో పొరపాటున చెత్తలోకి పోయింది. అందులో రమారమి 8,000 బిట్‌కాయిన్ల తాళంచెవి వుంది. చెత్తదిబ్బ తవ్వనివ్వమని ఏళ్ళ తరబడి అడిగాడు. స్థానిక కౌన్సిల్ ఒప్పుకోలేదు. 2025 జనవరిలో కోర్టు కూడా ఆయన దావా కొట్టేసింది. స్టెఫాన్ థామస్ అన్న ప్రోగ్రామరుది ఎదురు కథ. ఆయన తాళంచెవిని గట్టి పెన్ డ్రైవ్‌లోనే పెట్టాడు, దాని పాస్‌వర్డ్ మరచిపోయాడు. పదిసార్లు తప్పు చెబితే అది శాశ్వతంగా మూసుకుపోతుంది. 2021లో ఈ సంగతి లోకానికి తెలిసేనాటికే ఎనిమిదిసార్లు అయిపోయాయి. లోపల 7,002 బిట్‌కాయిన్లు. ఒకాయన భద్రత లేక పోగొట్టుకొంటే, ఇంకొకాయన భద్రత ఎక్కువై పోగొట్టుకొన్నాడు.

బ్యాకప్ తీసి కూడా పోగొట్టుకొన్నవాళ్ళున్నారు. 2010 ఆగస్టులో ఒకాయన 9,000 నాణేలున్న వాలెట్ ఫైలుకి శ్రద్ధగా నకలు తీశాడు. ఆ తర్వాత ఒక్క నాణెం తనకే పంపుకొన్నాడు. మిగతా 8,999 చిల్లర రూపంలో అప్పటికప్పుడు పుట్టిన కొత్త తాళంచెవి కిందికి వెళ్ళాయి. ఆ తాళంచెవి పాత నకల్లో లేదు. నకలు భద్రంగా వుంది, సొమ్ము లేదు. ఈ బాధ తప్పించడానికే ఒకే మూలం నుంచి అన్ని తాళంచెవులూ పుట్టే పద్ధతి తరువాత వచ్చింది. ఆ మూలాన్నే ఇంగ్లీషువాళ్ళు సీడ్ అంటారు, అంటే విత్తనం. పంట అంతా పోయినా విత్తనం వుంటే మళ్ళీ మొలుస్తుంది. విత్తనం ఎలా దాచాలో రైతుబిడ్డకి వేరే చెప్పాలా? తినే గింజల్లో కలపం. తడి తగలనివ్వం. అంతా ఒకే కుండలో పోయం.

ఇంట్లో కంప్యూటర్ వున్నవాళ్ళు ఏం చేయాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

ఆ మాటలు చేత్తో రాయండి. ఫోటో తీయకండి. ఫోన్లో తీసిన ఫోటో మనకి తెలియకుండానే ఎక్కడో వున్న సర్వరుకి నకలవుతుంది. ఫోటోల్లోని అక్షరాలు చదివి ఇలాంటి మాటల కోసం వెతికే దొంగ యాప్‌లు 2025లో బయటపడ్డాయి. మెయిల్లో పంపుకోకండి, వాట్సాప్‌లో మీకు మీరే పెట్టుకోకండి. వాలెట్ ఫైలుకి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి, నకలు ఒకటి పెన్ డ్రైవ్‌లో వుంచండి. కాని పెన్ డ్రైవ్ కూడా వస్తువే, చెడిపోతుంది. అసలు నమ్మకం రాసిన మాటల మీదే వుంచాలి.

రాసినది రెండుచోట్ల వుండాలి. రెండూ ఒకే ఇంట్లో వుంటే రెండున్నట్టు కాదు. గాలివానకో నిప్పుకో రెండూ పోతాయి. కాగితానికి చెద భయం నాకు తెలుసు. తాటాకు నిలవదనే గదా మన రాజులు దానశాసనాలు రాగిరేకుల మీద చెక్కించారు! ఇప్పుడు స్టీలు రేకు మీద కొడుతున్నారు. స్టీలు సుమారు 1,400 డిగ్రీల దాకా కరగదు. అయితే స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే కొట్టుకి తీసుకెళ్ళి కొట్టించకండి. కొట్టేవాడు చదువుతాడు. అక్షరాల అచ్చులు కొనుక్కొని మీ సుత్తితో మీరే కొట్టుకోండి.

సినిమాలు, గేములు, దొంగ సాఫ్ట్‌వేరు నింపే కంప్యూటర్లో వాలెట్ పెట్టకండి. మనం నకలు తీసి అతికించే అడ్రసుని మధ్యలో మార్చేసే వైరస్‌లున్నాయి. పంపేముందు అడ్రసు మొదటినుంచి చివరిదాకా చదవండి. సొమ్ము కొంచెం పెద్దదైతే, సంతకం తనలోనే చేసి తాళంచెవిని కంప్యూటర్‌కి కూడా చూపించని చిన్న పరికరాలు దొరుకుతాయి. తాళంచెవిని ఇలా నెట్టుకి దూరంగా వుంచడాన్ని వాళ్ళు కూడా కోల్డ్ స్టోరేజీ అనే అంటారు! గుంటూరు రైతుకి కొత్త మాట కాదు. ఇక "మేం కంపెనీవాళ్ళం, మీ పన్నెండు మాటలు చెప్పండి" అన్నవాడు ఎవడైనా సరే, దొంగ. ఇందులో మినహాయింపు లేదు.

అన్నిటికంటే ముఖ్యం, తిరిగి తెరిచి చూడటం. మొదట వందో రెండొందలో వేయండి. వాలెట్ చెరిపేయండి. రాసుకొన్న మాటలతో మళ్ళీ తెరవండి. ఆ వంద కనిపిస్తేనే మిగతాది వేయండి. తెరిచి చూడని బ్యాకప్ మొలక పరీక్ష చేయని విత్తనం లాంటిది. చల్లిన తర్వాతగాని సంగతి తెలియదు.

"ఇంత బాధ ఎందుకు? కొన్న ఎక్స్ఛేంజిలోనే వుంచేస్తే పోలా?" అంటారు మిత్రులు. పూర్తిగా తప్పనను. చేతకానివాడికి అదే మేలు కావచ్చు. కాని అప్పుడు తాళంచెవి వాళ్ళది, మనది వాళ్ళ మాట మాత్రమే. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ మూతపడినప్పుడు రమారమి ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు పోయాయన్నారు. కెనడాకి చెందిన క్వాడ్రిగా అధిపతి 2018 డిసెంబరులో మన జైపూర్‌లోనే చనిపోయాడు. తాళంచెవులన్నీ ఆయన ఒక్కడి దగ్గరే వున్నాయన్నారు. తీరా 2020లో అక్కడి అధికారులు తేల్చిందేమంటే, పోయిన సొమ్ములో చాలాభాగం ఆయన మోసం వల్లే పోయిందని. 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్ల పైన దొంగలు కొట్టేశారు. బ్యాంకు డిపాజిట్‌కి అయిదు లక్షల దాకా బీమా వుంది, దీనికి అలాంటిది లేదు. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను వసూలు చేస్తున్నారు గదా అని, పోయినదానికి సర్కారు పూచీ పడుతుందనుకోకండి.

"అసలు కొనకపోతే?" ఇది మా నాన్న ప్రశ్న. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. మిరపలాగే దీని ధరా లేస్తుంది, పడుతుంది. మిరపకాయని కనీసం కూరలో వేసుకోవచ్చు. కొనమని గాని వద్దని గాని నేను చెప్పను. ఫీజు డబ్బుతో, అప్పుడబ్బుతో కొనేవాణ్ణి మాత్రం చెయ్యి పట్టుకొని ఆపుతాను.

నేను చెప్పేది ఒక్కటే. ఎవరి పెత్తనమూ లేని డబ్బు కావాలని ఎగిరిపడే మనం, పెత్తనం లేనిచోట పూచీ కూడా వుండదని గుర్తించాలి. స్వేచ్ఛ అంటే తాళంచెవి చేతికి రావడమే కాదు, అది పోతే అడిగే దిక్కు లేకపోవడం కూడా. ఆ బరువు మోయగలిగినవాడే ఎత్తుకోవాలి.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ఏటా క్విజ్‌లు పెడుతున్నారు, వక్తృత్వ పోటీలు పెడుతున్నారు. ఒక శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబు తెరిపించండి. డబ్బు అక్కర్లేదు, ఖాళీ వాలెట్లు చాలు. పన్నెండు మాటలు రాసుకోవడం, చెరపడం, తిరిగి తెరవడం అందరిచేతా చేయించండి. ఆ సాయంత్రానికి సగంమంది "మనకీ గొడవ వద్దురా" అని వెళ్ళిపోతే అదీ లాభమే.

మా ఇంట్లో ఇప్పుడు స్టీలు రేకులు రెండున్నాయి. ఎక్కడున్నాయో రాయను. అన్నయ్యకి తెలుసు, నాకు తెలుసు. మూడోమనిషిగా మా అమ్మకి చెప్పాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, బిట్‌కాయిన్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. రేకు చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "మాకేమైనా అయితే ఇది ఎవరికివ్వాలో అది మాత్రం తెలుగులో రాసిపెట్టండిరా" అంది.

ఆ ముక్క మా ఇద్దరికీ తట్టలేదు. ఆ రాత్రే రాసిపెట్టాం.

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి